పట్టిసీమ రేవులో మంగమ్మగారు పారబోసిన పాలు

మా పాప సుధకి ఏడాది నిండకముందే పెన్సిలిన్ సూది పడక ఒళ్ళంతా దద్దుర్లు లేచి, ఊపిరాడలేదు. ఎలాగో బతికి బట్టకట్టింది. పుట్టువెంట్రుకలు పట్టిసీమ వీరభద్రస్వామికిస్తానని ఆ రోజే మొక్కుకున్నాను. తొంభైల చివర్లో, శివరాత్రి రద్దీ తగ్గాక, ఆ మొక్కు తీర్చడానికి రాజమండ్రి నుంచి పాపా నేనూ బయలుదేరాం.

పొద్దున్నే పోలవరం బస్సెక్కితే కొవ్వూరు మీదుగా ఎండ ముదరకముందే పట్టిసీమలో దిగొచ్చు. గుడి నది మధ్య గుట్ట మీద ఉంది కాబట్టి రేవులో పడవెక్కాలి, అప్పట్లో మనిషికి ఐదు రూపాయలు. జనం నిండితేగానీ పడవ కదలదు. ఈలోగా పాపకి ఆకలేసింది. సీసా తీస్తే పాలు విరిగిపోయి ఉన్నాయి. గేదెపాలు దానికి పడవు, మేకపాలే పట్టాలి. ఇక ఏడుపు లంకించుకుంది.

"ఆ పూరింట్లో మంగమ్మగారికి మేకుందండి, అడిగి చూడండి" అన్నాడు పడవతను.

వెళ్ళేసరికి ఆవిడ పాలు పితుకుతోంది. చెంబులో నురగ చూసి నాకు ప్రాణం లేచొచ్చింది. గ్లాసు చాపేలోపే ఆవిడ చెంబెడు పాలూ గోతిలో పారబోసింది! నాకు ఒళ్ళు మండిపోయింది.

"పసిపిల్ల ఏడుస్తుంటే పారబోస్తారేంటండి?"

"కోప్పడకండమ్మా. దీనికి పొదుగువాపండి. నిన్న సూదేశారు."

"చూస్తే వాపు కుడివైపే కదా. ఎడమవైపువైనా ఇవ్వండి."

రెండో సూది వెయ్యడానికి అప్పుడే వచ్చిన పశువుల డాక్టరుగారు ఆ మాట విని నవ్వారు. "సూది వేసింది మెడకమ్మా. మందు నెత్తుట్లో కలిసి ఒళ్ళంతా తిరిగి పొదుగుకొస్తుంది. నెత్తురుకి కుడీ ఎడమా తేడా ఉండదుగా! రెండువైపులా పాలల్లోకి దిగుతుంది. ఒంట్లోంచి పూర్తిగా పోవడానికి ఒక్కో మేకకి ఒక్కోలా పడుతుంది. అందుకే నేను చెప్పేదాకా పాలు వాడొద్దన్నాను."

"ఏం మందండి?"

"పెన్సిలిన్."

పాపని గట్టిగా పట్టుకుని దాని సంగతంతా చెప్పాను. మంగమ్మగారు "అమ్మో, వీరభద్రుడా!" అంటూ గుండె మీద చెయ్యేసుకుంది. వేరే గిన్నె తీసుకుని పక్క వీధికి పరుగెత్తి, ఏ సూదీ వెయ్యని మేక పాలు తెచ్చి, కాచి, తనే చల్లార్చి పాపకి పట్టింది. పాప కడుపు నిండేదాకా ఆవిడ కళ్ళు తుడుచుకుంటూనే ఉంది.

మందులు పడని పిల్లలతో వెళ్ళేవాళ్ళు పాలు తీసుకునే ముందు, ఆ పశువుకి ఈమధ్య సూది ఏమైనా వేశారా అని తప్పకుండా అడగండి. అడగాలని నాకు తట్టలేదు. నా కోపానికి జంకి మంగమ్మగారు ఒక్క గ్లాసు పోసి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ వణుకొస్తుంది. పాప సంగతి తెలియకుండానే కాపాడింది, ఆవిడ కడుపు చల్లగుండ.

గుడిలో పూజారిగారు అర్చనకి పేర్లు అడిగారు. సుధ పేరు చెప్పాను. "ఇంకెవరైనా ఉన్నారామ్మా?" అన్నారు. మంగమ్మ అన్నాను. గోత్రం తెలియదన్నాను. పేరు చాలమ్మా అన్నారాయన.