ప్లగ్గుకు కట్టిన సత్యం రుమాలు

నిన్న పొద్దున టీ తాగుతుంటే ఫర్వానియా నుంచి ఫోన్. "మాస్టారూ, మన సత్యం గారు పోయారండీ. నిద్రలోనే."

గ్లాసు పక్కన పెట్టేశాను.

తర్వాత ఫోన్లో మన అసోసియేషన్ గ్రూప్ తెరిచాను. మొదటి మెసేజ్: "మన పొగ సత్యం ఇక లేడు." కింద దండాలు, ఏడుపు బొమ్మలు.

చచ్చిపోయాక కూడా పొగ సత్యమే!

ఆ పేరు ఎలా వచ్చిందో ఈ రోజు రాస్తాను. చివరిదాకా చదవండి.

ఆరేళ్ళ కిందట, బ్నీద్ అల్ గార్‌లో బేస్‌మెంట్ హాలు. ఈ అరబ్బు దేశంలో మన తెలుగువాళ్ళ అసోసియేషన్ ఫంక్షన్. పాత ఆంప్లిఫయర్ నాది, ఫ్రైడే మార్కెట్‌లో కొన్నది. అధ్యక్షుడు గారు కొత్త సబ్‌వూఫర్ తెచ్చారు. హాలు అదిరిపోవాలట.

పాత ఆంప్లిఫయర్‌కు సబ్‌వూఫర్ కోసం వేరే సాకెట్ ఉండదు. స్పీకర్ వైర్లు బిగించిన చోటి నుంచే ఇంకో జత లాగి సబ్‌వూఫర్‌కు ఇవ్వాలి. సత్యం కుడివైపు ఇచ్చేశాడు. ఎడమవైపు వైరు పొడవు చాలలేదు. ఆంప్లిఫయర్ వెనక ఆ వైరు రెండు కొసలు బోడిగా వేలాడుతున్నాయి.

సత్యం షుఐబా ఫ్యాక్టరీల్లో ఎలక్ట్రీషియన్. అక్కడ రిపేరు చేసేవాడు, మధ్యలో ఎవరూ కరెంటు పెట్టకుండా, స్విచ్‌కు తన తాళం తనే వేసుకుంటాడు. వేసినవాడు తప్ప ఇంకొకడు తియ్యకూడదు. బయట తాళం ఉండదు కాబట్టి సత్యం పీకిన ప్లగ్గుకు తన నీలం గళ్ళ రుమాలు కట్టేవాడు.

"యల్లా సత్యం, యల్లా! తొందరగా! గెస్టు కారు దిగుతున్నాడు" అన్నారు అధ్యక్షుడు గారు.

"ఐదు నిమిషాలండీ. కార్లో వైరుంది, తెచ్చేత్తాను. ఆ రుమాలు మాత్రం విప్పకండే."

"నాకు కరెంటు నేర్పుతున్నావా?"

"నేర్పట్లేదండీ బాబూ, బతిమాలుకుంటన్నాను."

సత్యం మెట్లెక్కాడు. అధ్యక్షుడు గారు నా కళ్ళ ముందే రుమాలు విప్పి, కింద పడేసి, ప్లగ్గు పెట్టి, వాల్యూమ్ పూర్తిగా తిప్పారు.

ఆ అదురుకు బోడి కొసలు ఒకదానికొకటి తగిలాయి. ఒక్క చప్పుడు. ఆ తర్వాత పొగ. పిల్లల్ని ఎత్తుకుని ఆడవాళ్ళు మెట్లవైపు పరుగు.

సత్యం వైరు చుట్ట పట్టుకుని తలుపు దగ్గర నిలబడ్డాడు. ముందు ప్లగ్గు వైపు చూశాడు. తర్వాత కింద పడున్న రుమాలు చూశాడు.

"టెక్నీషియన్ అని పిలిస్తే ఇదీ వీడి పని!" అని అధ్యక్షుడు గారు అందరికీ వినపడేలా అన్నారు.

సత్యం నా వైపు తిరిగాడు. "మాస్టారూ, మీరిక్కడే ఉన్నారు కదండీ. చూళ్ళేదా?"

అప్పట్లో నా ఇఖామా, అంటే ఇక్కడ ఉండటానికిచ్చే పర్మిట్, రెన్యువల్ కాగితం ఆ అధ్యక్షుడి టేబుల్ మీద ఉంది. ఆయన మా కంపెనీ ఆఫీసులోనే పెద్ద. నాకు అరవై దాటాయి, ఆయన సంతకం లేకపోతే ఇంటికే.

"నేనేమీ చూడలేదు. నేను వచ్చేసరికే పొగ, సత్యం" అన్నాను.

నలభై ఏళ్ళుగా పుస్తకాలు చదువుతున్నవాణ్ణి. నిజం కోసం నిలబడ్డవాళ్ళ గురించి చదివి కళ్ళు తుడుచుకున్నవాణ్ణి. నా వంతు వచ్చేసరికి అబద్ధం ఆడటానికి ఒక్క క్షణం కూడా పట్టలేదు.

నా నోట్లోంచి వచ్చిన ఆ చివరి రెండు మాటలే అతనికి పేరైపోయాయి. ఆ తర్వాత ఏ ఫంక్షన్‌కూ అతన్ని ఎవరూ పిలవలేదు. మీలో ఫ్యాను బిగించడానికి కూడా పిలవని వాళ్ళు ఎవరెవరో నాకు తెలుసు. నిన్న దండం పెట్టింది మీరే.

నాలుగు నెలలకు సత్యమే నా రూముకు వచ్చాడు. ఆంప్లిఫయర్‌లో కాలిన పార్టులు మార్చాడు. సొంత సబ్‌వూఫర్ తెచ్చి రెండువైపులా వైర్లు ఇచ్చాడు. అప్పుడు కూడా ప్లగ్గుకు రుమాలు కట్టాకే పని చేశాడు. ఆ రోజు సంగతి ఒక్క మాట కూడా ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

వెళ్తూ రుమాలు నా చేతిలో పెట్టాడు. "ఉంచండి మాస్టారూ. రేపెప్పుడైనా మీరే ఈ డబ్బా విప్పి చూసుకోవాల్సొత్తే పనికొత్తది."

అధ్యక్షుడు గారూ, ఈ పోస్ట్ తీసేయమని ఫోన్ చేయకండి. వచ్చే నెల నాకు ఇక్కడ ఖలాస్, ఇంటికి వెళ్ళిపోతున్నాను. నా కాగితాలేవీ ఇప్పుడు మీ టేబుల్ మీద లేవు.

శుక్రవారం అదే హాల్లో సంతాప సభ. మొదటి మాట మీదేనట. నేను ముందే వచ్చి మైకు ప్లగ్గు పీకి సత్యం రుమాలు కడతాను. ఆ రోజు ఎవరు విప్పారో మీరు, ఏమీ చూడలేదని ఎందుకు అన్నానో నేను, మైకు లేకుండా అందరి ముందూ చెప్పాలి. అప్పుడు నేనే విప్పుతాను.

సత్యం, ఆలస్యంగా చెప్తున్నాను. చూశానయ్యా. అంతా చూశాను.

వెళ్ళిరా. నీ మీద ఇక ఏ మాటా లేకుండా, నిశ్చింతగా పడుకో.