మొదటి రోజే కత్తెర

నా దగ్గర కుట్టుపని నేర్చుకోవడానికి వచ్చే ఆడపిల్లల చేతికి మొదటి రోజే కత్తెర ఇస్తాను. గుడ్డలు పాడు చేయిస్తున్నానని ఊరంతా నన్ను చీవాట్లు పెడుతుంది. పాడు చెయ్యనీ. కొయ్యడం రానిదానికి కుట్టుపని కూడు పెట్టదు. ఆ సంగతి నాకు చెయ్యి కాలాకే తెలిసింది.

మా తాతలు చెరకు కూలికి ఓడెక్కి వచ్చిన దీవిలో, బాన్ అక్యూయ్ అనే ఊళ్ళో ఉండేవాళ్ళం. నాన్న లేడు. అమ్మ చెరకు తోటలో కూలి. నాకు పదిహేనేళ్ళు నిండగానే, సంత దగ్గర గౌన్లు కుట్టే క్రియోల్ ఆవిడ దగ్గర నన్ను పనికి కుదిర్చింది. గడువూ పెట్టింది.

"లాకూప్ దాకా చూస్తా. చెరకు కొట్టేటప్పటికి సొంతంగా ఒక్క గుడ్డ కుట్టలేదో, కొడవలి పట్టుకుని నాతో రావాల్సిందే."

ఆవిడ నాతో గుండీలు కుట్టించింది, అంచులు మడిపించింది, ఇస్త్రీపెట్టెలో బొగ్గులు వేయించింది. బల్ల మీద గుడ్డ పరిచి కత్తెర తీసిందంటే చాలు, "ఆల్ సెర్స్ దిలో!" అని తన క్రియోల్ భాషలో అరిచి నీళ్ళకు తరిమేది. నేను బిందెతో పరుగెత్తుకొచ్చేసరికి ముక్కలన్నీ కోసేసి ఉండేవి. బయట చెరకు పూతకొచ్చేసింది. నాకు కూర్చుంటే లేవాలనిపించేది, లేస్తే ఎటైనా పోవాలనిపించేది.

ఒకరోజు ఓ పాత గౌను ఇచ్చి, ఇంటికి తీసుకెళ్ళి కుట్లు విప్పుకు రమ్మంది. గుడ్డ తిరగేసి మళ్ళీ కుట్టాలట. విప్పుతుంటే ముక్కలన్నీ నా ఒళ్ళోకొచ్చి పడ్డాయి. చేతి ముక్క పైభాగం గుట్టలా లేచి ఉంది. దాన్ని అలికిన నేల మీద పరిచి, చుట్టూ ముగ్గుపిండితో గీశాను. పొద్దున్నే అమ్మ చూసింది.

"ఇదేం ముగ్గే, అడ్డదిడ్డంగా!" అంటూ పేడనీళ్ళతో అలికేసింది.

ఏడుపొచ్చింది. మళ్ళీ గీశాను. మళ్ళీ అలికింది. ముక్కలు తిరిగి ఇచ్చేశాక కూడా గీస్తూనే ఉన్నాను, చూడకుండానే.

చెరకు కొట్టుడు రేపనగా అమ్మ పెట్టె అడుగునుంచి నీలం గుడ్డ తీసి నా ముందు పడేసింది. చెరకాకు గీరుకుని ఆమె చేతులు ఎప్పుడూ పుళ్ళే. అందుకే నిండు చేతుల రవిక కోశాను. కుట్టి చూసుకున్నాను. రెండు చేతులూ ఎడమవే! నేను గీసింది ఎడమచేతి ముక్క ఒక్కటే. రెండోది దాన్ని తిరగేసి కొయ్యాలని తట్టనేలేదు. ఇక వేరే గుడ్డ లేదు.

తెల్లారి తలకు గుడ్డ చుట్టుకుని, కొడవలి పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాను. అమ్మ ఆ రవికే తొడుక్కుని వచ్చింది. చంకలో గుడ్డ మెలిపడి, ఆమె కుడిచెయ్యి సగానికి మించి లేవడం లేదు.

"విప్పెయ్యమ్మా, నలుగురూ నవ్వుతారు," అన్నాను.

"నవ్వనీ. నువ్వే కోశావు, నువ్వే కుట్టావు." నా చేతిలోంచి కొడవలి లాక్కుంది. "పెట్టెలో నా పాతచీర ఉంది. దాంట్లో కుడిచెయ్యి కొయ్యి."

సగమే లేచే ఆ చేత్తో ఆమె సాయంత్రం దాకా చెరకు మోపులు ఎత్తింది.