ఆ నవ్వుకు నేను పెట్టిన పేరు

ఏడేళ్ళుగా నేను పదకొండు సెకన్లు మోస్తున్నాను. చూడ్డానికి పెద్ద బరువేమీ కాదు. నా వయసువాళ్ళు షుగరు, పిల్లల ట్యూషన్లు, బావమరిది, ఇలాంటివన్నీ మోస్తున్నారు. కాకపోతే వాటి గురించి నలుగురిలో చెప్పుకోవచ్చు. దీని గురించి నేను ఎవరికీ చెప్పలేదు. మా ఆవిడకు సగం చెప్పాను. నేను బాగా కనిపించే సగం.

మీరెవరో నాకు తెలియదు. మీలో నాకు నచ్చిన గుణం అదే.

నేను సైకాలజీ చదివాను. మా నాన్న ప్రభుత్వరంగంలో ఇంజనీరు. మనసుకు కూడా ఒక డిగ్రీ ఉంటుందని ఆయనకు నమ్మకం కుదరక, నేను చదివేది 'ఏదో సైన్సే' అని చుట్టాలకు చెప్పేవాడు. చదువు అయ్యాక నాచారంలో, టైర్ల షాపు పైన రెండో అంతస్తులో ఉన్న చిన్న కంపెనీలో ఉద్యోగం దొరికింది. యంత్రాలకు మనుషుల భావోద్వేగాలు నేర్పే పని. చెప్పుకోవడానికి గొప్పగా ఉండేది. చేయడానికి ఇలా ఉండేది: తెర మీద ఒక మనిషి పది పన్నెండు సెకన్లు కనిపిస్తాడు. శబ్దం ఉండదు. చూసి, కింద ఉన్న ఏడు బటన్లలో ఒకటి నొక్కాలి. సంతోషం, దుఃఖం, కోపం, భయం, అసహ్యం, ఆశ్చర్యం, ఏమీ లేదు. తొమ్మిది రసాలున్న జాతికి ఏడు బటన్లు ఇచ్చారు. శృంగారాన్నీ వీరాన్నీ తీసేశారు. శాంతానికి 'ఏమీ లేదు' అని పేరు పెట్టారు.

ముప్ఫై మంది ఆ బటన్లు నొక్కేవారు. నేను వాళ్ళ లీడ్‌ని. మామూలు వీడియోల మధ్య కొన్ని పరీక్ష వీడియోలు కలిపేవాళ్ళం. ఏవి పరీక్షవో వాళ్ళకు తెలియదు. వాటి సరైన జవాబు మా దగ్గర ముందే రాసి ఉంటుంది. దాన్ని 'కీ' అనేవాళ్ళం. యంత్రానికీ అదే నేర్పేవాళ్ళం. కీతో జవాబు కలవకపోతే మార్కులు తగ్గుతాయి. వరుసగా మూడు వారాలు తగ్గితే మనిషి వెళ్ళిపోవాలి. కీ రాసేది నేను. నేను రాసినదాన్ని ఇంకొకరు విడిగా చూసి సంతకం పెట్టాలి. 'విడిగా చూసి' అన్నది కాగితం మీద ఉండేది.

ఆ ముప్ఫై మందిలో స్వరూప ఒకరు. నలభైకి దగ్గర పడ్డ మనిషి. ఆలేరు వైపు నుంచి వచ్చింది, ఇంటర్ పాసైంది. అంతకుముందు నాచారంలోనే ఒక బిస్కెట్ ఫ్యాక్టరీలో ఎనిమిదేళ్ళు లైను మీద నిలబడి పనిచేసింది. నడుము పాడైంది. నిలబడే పని ఇక వద్దని డాక్టర్ చెప్పాడట. మా దగ్గర చేరిన మొదటి రోజు కుర్చీని రెండుసార్లు అటూ ఇటూ తిప్పి చూసుకుని, పక్కనున్న అమ్మాయితో అంది: "కూసొని జీతం దీసుకునుడు గిదే మొదటిసారి పిల్లా. తప్పుజేసినట్టే ఉంది."

ఆమె ఎలా పనిచేసేదో మీకు చెప్పాలి. చెప్పడానికి నాకు సిగ్గూ ఉంది, సంతోషమూ ఉంది. రెండింటికీ కలిపి బటన్ లేదు.

మిగతావాళ్ళు ముఖం చూసి నొక్కేవారు. ఆమె వీడియో ఒకసారి చూసి, తెరలోని మనిషి ఎలా కూర్చున్నాడో తనూ అలా కూర్చునేది. భుజం వంగితే భుజం వంచేది. పిడికిలి బిగిస్తే బిగించేది. రెండు క్షణాలు ఆగేది. తన లోపల ఏదైనా కదులుతుందేమోనని చూసుకునేది. అప్పుడు నొక్కేది. మా హాల్లో నవ్వుకునేవాళ్ళు. ఒకసారి నేను వెనక నిలబడి, అదంతా ఎందుకని అడిగాను. ఫ్యాక్టరీలో మిషన్ల మోతకు మాట వినబడేది కాదని, ఎనిమిదేళ్ళు ఆడవాళ్ళందరూ ఒకరి ఒళ్ళు ఒకరు చూసుకుంటూనే మాట్లాడుకున్నారని చెప్పింది. ఎవరింట్లో గొడవైందో, ఎవరికి నెల తప్పిందో, ఎవరు పని మానేద్దామనుకుంటున్నారో, అన్నీ అలాగే తెలిసేవట. మొకం ఆఖరున తెలుసుకుంటుంది సార్, అంది. ముందు తెలిసేది చేతులకూ మెడకేనట.

నేను రెండేళ్ళు ఎమ్మెస్సీలో కూర్చుని నేర్చుకున్నది ఏమిటంటే, భావాలకు ఒక జాబితా ఉంటుందని. ఆమె ఆ జాబితా పుట్టకముందు ఏం జరుగుతుందో చూస్తోంది. ఒంట్లో ఏదో కదులుతుంది, పక్కన ఎవరున్నారో చూసుకుంటుంది, వాళ్ళ ముందు ఏ రూపంలో బయటికి రావచ్చో తేల్చుకుంటుంది, ఆ తరువాతే దానికి పేరు. నాకు ఆ రోజే అర్థమైంది, ఈ హాల్లో సైకాలజీ తెలిసిన మనిషి ఒకరున్నారని, అది నేను కాదని. నేను దాన్ని నవ్వుతూ స్వీకరించాను. నవ్వు గురించి తరువాత చెబుతాను.

ఒక శుక్రవారం మధ్యాహ్నం అరవై పరీక్ష వీడియోలకు కీ రాయాల్సి వచ్చింది. హబ్సిగూడలో ఎవరిదో పార్టీ. రఘు అని తోటి లీడ్, రెండో సంతకం అతనిదే, బండి తాళాలు ఆడిస్తూ నిలబడ్డాడు. "ఏం మామా, మొకాలతోని పెండ్లిసూపులు పెట్టుకున్నవా? జల్ది గానియ్యి, బిర్యానీ సల్లారుతది." నేను వీడియోలు ఆడించలేదు. ప్రతి వీడియోకూ మొదట కనిపించే బొమ్మ చూసి అరవైకీ జవాబులు రాశాను. చదువుకున్నవాణ్ణి, నాకు బొమ్మ చాలు. రఘుకు బొమ్మ కూడా అక్కర్లేకపోయింది. సంతకం పెట్టేశాడు. బిర్యానీ బాగుంది.

ఆ వారం స్వరూప మార్కులు పడిపోయాయి. అంతవరకూ అందరికన్నా పైన ఉండేది. రెండో వారం ఇంకా పడ్డాయి. కారణం నాకు వెంటనే తెలిసిందంటే అబద్ధం. తెలియలేదంటే ఇంకా పెద్ద అబద్ధం. ఒక అనుమానం వచ్చింది, దాన్ని నేను కూర్చోమనలేదు.

రెండో వారం చివర ఆమె నా టేబుల్ దగ్గరికి వచ్చింది.

"సార్, జర ఒక్కటన్న సూపెట్టుండ్రి. తప్పేందో తెలిస్తె దిద్దుకుంట."

"పరీక్ష వీడియోలు చూపించకూడదండీ. రూల్."

"రూలంటె ఈ కంప్యూటర్ కాడ చాయ్ గూడ తాగొద్దు సార్." నా చేతిలో కప్పు ఉంది.

ఒకటి తెరిచాను. ఏదో పెళ్ళి హాలు. వెనక పూల అలంకరణ, ప్లాస్టిక్ కుర్చీలో యాభై ఏళ్ళ ఆవిడ, నిండుగా నవ్వుతోంది. కీలో సంతోషం. స్వరూప నొక్కింది దుఃఖం.

"ఇదిగో. నవ్వుతోంది కదా?"

"పళ్ళు కనవడుతున్నయి సార్. గంతే." ఆమె తెర మీదికి వంగింది. "మొకం మీద అరచెయ్యి అడ్డం వెట్టి సూడుండ్రి."

పెట్టాను. వీడియో ఆడించాను. నిజానికి మొదటిసారి ఆడించాను. ఆ ఆవిడ చేతులు మాత్రమే కనిపించాయి. కొంగు చివరను చూపుడువేలికి చుట్టుకుంటోంది. చుట్టి, బిగించి, మళ్ళీ చుట్టి. వేలి కొస తెల్లబడింది.

"నవ్వేటోళ్ళు ఊపిరి ఇడుస్తరు సార్. ఈమె పట్టుకున్నది. రొమ్ము కదులుతలేదు సూడుండ్రి. పక్కకు ఎవరో ఉన్నరు, ఆళ్ళ కోసం నవ్వుతున్నది. కండ్లు రెండుసార్లు గటు వొయినయి."

అరచెయ్యి తీశాను. ఏడో సెకనులో గడ్డం వణికింది. ఎనిమిదో సెకనుకు నవ్వు మళ్ళీ దాని చోటికి వచ్చేసింది. పదకొండుకు వీడియో అయిపోయింది.

చూశాను. స్పష్టంగా చూశాను. ఈ మాట మొదటిసారి రాస్తున్నాను.

"కీ ఇద్దరం విడివిడిగా చూసి ఖాయం చేస్తామండీ," అన్నాను. "ఇప్పుడు మార్చడానికి వీల్లేదు."

ఆమె వెంటనే వెళ్ళలేదు. నన్ను చూసింది. తెర మీద మనుషులను చూసినట్టే, తొందర లేకుండా, ముందు నా చేతులు, తరువాత మెడ. నా చేతిలో కప్పు ఎలా ఉందో నాకు తెలియదు. ఆమెకు తెలిసి ఉంటుంది.

"సరే సార్. మీరు భయపడుతున్నరు," అంది, మెల్లగా, పక్క టేబుల్‌కు వినపడనట్టు. "ఫికర్ జెయ్యకుండ్రి. నేనెవ్వరికి చెప్ప."

చెప్పలేదు. వెళ్ళి తన కుర్చీలో కూర్చుని పని మొదలుపెట్టింది.

కీ దిద్దడానికి ఎంత పడుతుంది? వీడియోలు ఆడించడానికి పావుగంట, ఉత్తరం రాయడానికి ఐదు నిమిషాలు. అరవై జవాబులు చూడకుండా రాశానని పైవాళ్ళకు రాయాలి. అంతే. ఉద్యోగం పోయేదా? బహుశా పోయేది కాదు. ఒక చీవాటు, ఒక నెల తలదించుకోవడం. మరెందుకు రాయలేదు? భయం అని ఆమె చెప్పింది, నిజమే, కానీ అది మొదటి పొర. ఆ క్షణాన్ని నేను ఎన్నోసార్లు వెనక్కి తిప్పి చూసుకున్నాను. కడుపులో చల్లగా ఏదో పుట్టింది. అప్పటికి అది భయమే. చెవుల దగ్గరికి వచ్చేసరికి వేడెక్కి కోపమైంది. ఇంటర్ చదివిన మనిషి నాకు ముఖాలు చూడటం నేర్పుతుందా అని. నోటి దాకా వచ్చేసరికి నియమావళి అయింది. దారిలో ఇంకొకటి కూడా ఉంది. అది చాలా నిదానంగా నడిచింది, అందుకే చాలా ఏళ్ళు కనబడలేదు. అసూయ. ఆమె చూసినట్టు నేను ఎప్పటికీ చూడలేనని తెలిసి, చూడగలిగిన కళ్ళు ఆ హాల్లో లేకపోతే బాగుండుననుకున్నాను. అనుకున్నానా? అంత స్పష్టంగా మనిషి ఏదీ అనుకోడు. అలా జరగనిస్తాడు, అంతే.

మూడో వారం కూడా అవే అరవై తిరిగాయి. స్వరూప వెళ్ళిపోయింది. ఆ మూడో వారంలో ఆమె మిగతావాళ్ళలా నొక్కి ఉంటే నిలిచేది. నవ్వే ముఖానికి సంతోషం, అంతకన్నా సులువైన పని లేదు. కీలో ఏముందో ఆమెకు అప్పటికే తెలుసు. అయినా ఆ పెళ్ళి హాలు ఆవిడకు మళ్ళీ దుఃఖమే నొక్కింది. నేను రికార్డు తెరిచి చూశాను. ఎవరో తెలియని, ఎప్పటికీ కలవని ఒక ఆడమనిషి ఆపుకున్న ఏడుపును, ఏడుపు కాదనడానికి ఆమెకు చెయ్యి రాలేదు. తన కుర్చీ పోతున్నా సరే.

చివరిరోజు అందరికీ చెప్పి, నా దగ్గరికీ వచ్చి "వస్త సార్" అంది. నేను నవ్వాను. నవ్వు గురించి తరువాత చెబుతానన్నాను. ఇంతే ఉంది చెప్పడానికి.

ఇక్కడితో ఆగితే నన్ను మీరు పిరికివాడనుకుంటారు. ఆ మాటకు నేను తృప్తిపడేవాణ్ణి. కానీ తరువాతి ఏడాది కొత్తగా చేరినవాళ్ళకు శిక్షణ ఇస్తూ, ముందు ముఖాన్ని అరచేత్తో మూయండి, చేతులు చూడండి, ఊపిరి చూడండి, అని చెప్పడం మొదలుపెట్టాను. పని బాగుపడింది. పైవాళ్ళు మెచ్చుకున్నారు. దానికి ఇంగ్లీషులో ఒక పేరు కూడా పెట్టాను. మూడు పదాల పేరు. అందులో స్వరూప అన్న పదం లేదు. ఆ పద్ధతి మీదే నాకు పెద్ద ఉద్యోగం వచ్చింది. రెండుచోట్ల ప్రసంగించాను కూడా. ఇది మీకెలా తట్టిందని ఒకాయన అడిగితే, పరిశీలన అన్నాను. అది అబద్ధం కాదు. ఎవరి పరిశీలనో ఆయన అడగలేదు.

మొన్న వేసవిలో ఉప్పల్లో ఆమెను చూశాను. రోడ్డు మీదున్న పెద్ద చీరల షాపులో, అద్దాల అవతల. చీరలు అమ్మడానికి నిలబడ్డ ఆడవాళ్ళలో ఒకరిగా. అలాంటి షాపుల్లో వాళ్ళు కూర్చోవడానికి కుర్చీ ఉండదు. మాట ఏదీ బయటికి వినబడటం లేదు. ఒకావిడ పట్టుచీర భుజం మీద వేసుకుని, బాగుందన్నట్టు కూతురికి తలాడిస్తోంది. స్వరూప ఆ తలవైపు చూడలేదు. చీర అంచు పట్టుకున్న వేళ్ళు చూసింది. ఏమీ అనకుండా ఆ చీర మడిచి పక్కన పెట్టి, లోపలి అరలోంచి ఇంకొకటి, కాస్త తక్కువ ధర నేతచీర తెచ్చి పరిచింది. ఆవిడ వేళ్ళు దాని మీద ఒక్కసారి వదులయ్యాయి. అంత చక్కగా మనిషిని చదవడం, చదివాక ఆ మనిషి పరువు కాపాడటం, నేను ఇంకెక్కడా చూడలేదు. ఆ తరువాత స్వరూప ఒక చెయ్యి నడుము మీద పెట్టుకుని, కౌంటర్‌కు ఆనుకుని, ఒక పాదం కాసేపు నేల నుంచి ఎత్తి పట్టుకుంది. మళ్ళీ దించింది. ఇంకో పాదం ఎత్తింది.

లోపలికి వెళ్ళలేదు. వెళితే ఏమవుతుందో తెలుసు. నేను నోరు తెరవకముందే నన్ను చదివేస్తుంది, 'ఫికర్ జెయ్యకుండ్రి' అంటుంది. ఆ మాట ఉచితంగా ఇంకోసారి తీసుకునే అర్హత నాకు లేదు. ఇదీ ఒక సాకేనా? కావచ్చు. సాకులు తయారుచేయడంలో నాకు మంచి అనుభవం ఉంది. క్షమించమని అడగడం ఆమె మీద ఇంకో పని పెట్టడం. అడగకపోవడం నాకు సౌకర్యం. రెండింటి మధ్య నిలబడి ఉన్నాను, ఆమె కన్నా చాలా సుఖంగా.

కాబట్టి మీకు చెబుతున్నాను. ఆ కీ తప్పు. చూడకుండా రాశాను. చూశాక కూడా దిద్దలేదు. ఆమె సరిగ్గా చెప్పిందని ఆ టేబుల్ దగ్గరే నాకు తెలుసు. ఆమె చూపును నా పేరు మీద తిప్పుకున్నాను. ఆ అరవై జవాబులు నేర్చుకున్న యంత్రం ఎక్కడో పనిచేస్తూనే ఉండి ఉంటుంది. కొంగు వేలికి బిగించుకుని ఊపిరి బిగపట్టిన ఆడవాళ్ళు దానికి సంతోషంగా కనబడుతూ ఉంటారు.

ఈ కొన్ని వాక్యాలు రాసేసరికి భుజాలు కాస్త కిందికి దిగాయి. దవడ వదులైంది. ఒంట్లో ఏదో కదిలింది, ఇంకా పైకి రాలేదు. దానికి పేరు పెట్టడం నా పని కాదని ఇప్పుడు తెలుసు. సంతోషం మాత్రం కాదు. అంతవరకు చెప్పగలను.