గుంజ పక్కనుంచి వేసిన దారి

మా ఇంటి ముందు వాకిలి వాలుగా ఉంటుంది. పాతబస్తీలో మా గల్లీ సగం బండల మీద కట్టిందే. ఇల్లు పైన, గేటు కింద, మధ్యలో మూడు బర్రెలు. బర్రెలు నిలబడే చోట నేల మీద మా నాయన ఉలితో గీతలు కొట్టించాడు, గిట్టలు జారకూడదని. మనుషులు నడిచే చోట మాత్రం నున్నటి షాబాదు బండలు పరిపించాడు, కడిగితే పేడనీళ్ళు ఒక్క ఊపున మోరీలోకి పోవాలని. నలభై ఏళ్ళు వాటి మీదే ఎక్కి దిగాం. ఇదేం ఏర్పాటని ఒక్కరం కూడా అనుకోలేదు.

ఒక వానాకాలం పొద్దున నా భార్య పాలక్యాను పట్టుకుని దిగుతూ జారిపడింది. నేను బర్రె దగ్గరున్నాను. క్యాను దొర్లిన చప్పుడు విని, పాలు పోయాయని ముందు నోరు పారేసుకున్నాను. ఆమె లేవలేదు. తుంటి ఎముక విరిగింది.

ఆపరేషన్ చేసిన డాక్టరు నన్ను పక్కకు పిలిచాడు. రోజూ నడిపించాలి, మళ్ళీ పడనివ్వకూడదు, నడవకపోతే కాలు బిగుసుకుపోతుంది అన్నాడు. మావి రెండు గదులు. మంచం, బియ్యం డబ్బా, తవుడు బస్తాలు పోను వాకర్ తిరగడానికి చోటే లేదు.

"నన్ను గల్లీదాంక పోయేటట్టు చెయ్యి, సాలు," అంది ఆమె. "గీ గోడలను సూస్కుంట ఎన్నొద్దులు పండాలె?"

సాయంత్రాలు ఎదురింటి అరుగు మీద ఆడవాళ్ళు చేరతారు. కాపురానికి వచ్చిన నాటి నుంచి ఆమెకున్న తీరిక, సరదా, లోకం అన్నీ ఆ అరుగే.

గల్లీ చివర ఉండే మేస్త్రిని పిలిచాను. సన్న గొట్టంలో నీళ్ళు నింపి, ఒక కొస గడప దగ్గర నాకిచ్చి, రెండోది గేటు దగ్గర తను పట్టుకుని మట్టం చూశాడు. చూసి పెదవి విరిచాడు.

"సీదా పోస్తే మస్తు దిగుడయితదన్నా. వాకర్ ఆగదు. గీ బర్రెను అవుతలికి జరుపు. దారిని గోడదాంక తీస్కపోయి మలుపుత. భాబీ ఆరాంసే దిగుతది."

ఆయన చూపించిన గుంజకు కట్టి ఉన్నది కొత్తగా ఈనిన బర్రె. మూడింటిలో పాలిచ్చేది అదొక్కటే. పాడి చేసుకునే మా ఇళ్ళలో ఒక పట్టింపు ఉంది, పాలిచ్చే బర్రె గుంజ మార్చరు. చోటు మారితే బెదురుతుంది, చేపదు, ఎంత పిండినా పాలు దిగనివ్వదు. మా నాయన ఆ మాట ఎన్నిసార్లు చెప్పాడో లెక్కలేదు.

"జాగ మారిస్తే అది చేపదు భాయ్. నువ్వు సీదానే పొయ్యి. పట్టుకునేటందుకు పక్కన పైపు పెడ్దాం."

"నీ మర్జీ," అన్నాడు మేస్త్రి.

మంచం మీది నుంచి ఆమె ఇదంతా వింటూనే ఉంది. నా వైపు చూసింది. నువ్వేమంటావని నేను అడగలేదు. అడిగితే బర్రెను జరపమంటుందేమోనని నా భయం.

దారి తయారైంది. తడి సిమెంటు మీద మేస్త్రి చీపురుతో అడ్డగీతలు గీశాడు. ఒక పక్క ఇనుప పైపు పాతాడు. నేను మురిసిపోయాను. ఉస్మాన్‌గంజ్ నుంచి తవుడు తెచ్చిన ఆటో అతన్ని కూడా లోపలికి పిలిచి, "సూడు, బర్లకు పెట్టినట్టే గీతలు పెట్టిచ్చిన," అని చూపించాను.

సిమెంటు గట్టిపడ్డాక ఆమెను బయటికి తెచ్చాను. నాలుగు అడుగులు వేసింది. వాకర్ ఆమెకంటే ముందు పరుగెత్తింది. నడుం చుట్టూ చెయ్యి వేసి ఆపాను. పైపును పట్టుకున్న ఆమె చెయ్యి ఎంతకీ వదలలేదు. ఒక్కొక్క వేలూ నేనే విడదీయాల్సి వచ్చింది.

"లోపలికి తీస్కపో. నాతోని కాదు."

మర్నాడు రెండడుగులే. మూడోనాడు గడప దాటనని మొండికేసింది. "నీకే పాణం తీపి, ఎవలకు లేదు గద," అని కసిరాను. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది. ఆమెది ఉత్త భయం కాదు. దారే తప్పు. అది నాకు తెలుసు, మేస్త్రికి తెలుసు, ఆమెకు అందరికంటే ముందు తెలుసు.

చలికాలం మంచం మీదే గడిచింది. మోకాలు వంగింది వంగినట్టే ఉండిపోయింది. డాక్టరు ఆ కాలు చాపబోయి ఆగిపోయాడు. ముందే నడిపించాల్సింది అన్నాడు.

ఇంటికొచ్చి గుంజ పీకేశాను. బర్రెను అవతలి పక్క కట్టేశాను. మొదటి రోజు తన్నింది. రెండో రోజు బకెట్ అడుగు తడిసింది. మూడో రోజు సగం ఇచ్చింది. నాలుగో రోజు పొద్దున, ఎప్పుడూ ఆ చోటే ఉన్నట్టు, నిమ్మళంగా నెమరు వేస్తూ నిండుగా చేపింది. దాని పొట్టకు తల ఆనించి ఏడ్చాను. నాలుగు రోజుల పాలకు భయపడి నేను ఆమె కాలు పోగొట్టాను.

మేస్త్రి పాత దారి పగలగొట్టి, గోడదాకా తిప్పి కొత్తది వేశాడు. నెల పట్టింది. వాకర్ తీసుకుని నేనే దిగి చూశాను. ఎక్కడా జారలేదు, ఎక్కడా లాగలేదు. లోపలికి వెళ్ళి దారి అయిందని చెప్పాను. ఎత్తుకుని తీసుకుపోతాను, ఒకసారి చూడమన్నాను.

ఆమె దారి గురించి అడగలేదు.

"బర్రె చేపిందా?"

"చేపింది."

"ఎన్ని దినాలకు?"

"నెల పట్టింది. మస్తు సతాయించింది," అన్నాను. ఎందుకన్నానో నాకు తెలుసు.

ఆమె దుప్పటి మెడదాకా లాక్కుని గోడ వైపు తిరిగింది.

"నాలుగో దినమే బకెట్ల పాల సప్పుడు ఇన్న," అంది.