1967 మా ఇల్లు వదల్లేదు

మా నాయన రాజమాణిక్యాన్ని ఏ సంవత్సరం సంగతి అడిగినా తల గోక్కుంటాడు. నా పెళ్లి ఎప్పుడయిందో చెప్పలేడు. మా అమ్మ పోయిందెప్పుడో కూడా నన్నే అడుగుతాడు. 1967 గురించి మాత్రం అడక్కండి, మీకు పుణ్యముంటుంది. అడిగారా, కూర్చోబెట్టి మొత్తం అప్పజెబుతాడు. జూన్‌లో అరబ్బులకూ ఇజ్రాయెల్‌కూ ఆరు రోజుల యుద్ధం. దాంతో సూయజ్ కాలువ మూతపడి ఓడలు మధ్యలో ఇరుక్కుపోయాయి. అదే నెలలో చైనావాళ్లు హైడ్రోజన్ బాంబు పేల్చారు. జూలైలో నైజీరియాలో అంతర్యుద్ధం. డిసెంబర్లో దక్షిణాఫ్రికాలో ఒకరి గుండె తీసి ఇంకొకరికి పెట్టారు.

"గుండె మార్చినారు మే, గుండె! మన మగ్గానికి ఇంత నూలు పెట్టేవాడు మాత్రం లేకపాయె" అంటాడు చివర్లో.

ఈ మాట నాకు ఊహ తెలిసినప్పటినుంచీ వింటున్నాను. పొద్దున్నే తిరుత్తణి స్టేషన్లో రైలెక్కి, తిరువళ్లూరు దగ్గర బట్టల కంపెనీలో పగలంతా కుట్టుమిషను ముందు కూర్చుని, నడుం పట్టుకుని ఇంటికొచ్చేసరికి ఎదురయ్యేవి ఈ యుద్ధాలే. మొగుడు పోయి, ఇటు కూతుర్నీ అటు తండ్రినీ పెట్టుకుని సంసారం ఈడ్చే ఆడదానికి కావలసింది ఒక గ్లాసు టీ. సూయజ్ కాలువ ఎవరికి కావాలి?

అయినా ఆయన్ని అని లాభం లేదు. ఆయన బాధ ఆయనది.

మాది తిరుత్తణి దగ్గర అత్తిమంజేరిపేట. అప్పట్లో ఇంట్లో రెండు గుంటమగ్గాలు ఉండేవి. ఒకదాని మీద మా తాత, ఇంకోదాని మీద పంతొమ్మిదేళ్ల మా నాయన గళ్ల రుమాలు గుడ్డ నేసేవాళ్లు. దాన్ని మన వైపు ఎవరూ కట్టరు. షావుకార్ల తరఫున మేస్త్రీ నూలు ఇచ్చి, నేసిన గుడ్డ పట్టుకుపోయి మద్రాసులో ఓడెక్కించేవాడు. చివరికి అది చేరేది నైజీరియా. అక్కడి ఆడవాళ్లు కొనేముందు గుడ్డ అంచు వాసన చూస్తారట, నోట్లో పెట్టి నములుతారట, అసలుదో నకిలీదో తెలుసుకోవడానికి. "ఎవురో నమిలేదానికి మనం ఇంత చక్కంగా నెయ్యాల్నా" అని మగ్గాల్లో కూర్చుని నవ్వుకునేవాళ్లట. ఆ దేశం ఏ దిక్కున ఉందో వీధిలో ఒక్కరికీ తెలియదు.

ఆ జూలైలో మేస్త్రీ వట్టి చేతులతో వచ్చాడు. "నూలు లేదుప్పా. ఆ దేశంలో వాళ్లల్లో వాళ్లే కొట్టుకుంటాండారు. యుద్ధం నిలిచేదాకా సుమ్మా ఉండండి" అన్నాడు.

మనం ఊరికే ఉంటే కడుపు ఊరుకుంటుందా? సంకటి పోయి గంజి వచ్చింది, తర్వాత గంజికీ కరువొచ్చింది. మా అవ్వ తన తొమ్మిదేళ్ల కూతుర్ని, అంటే మా కాంచనత్తని, తిరువళ్లూరులో ఒక ప్లీడరుగారింట్లో పనికి పెట్టింది. కడుపుకి తిండి పెడతారు, అంతే చాలనుకుంది. తీసుకెళ్లి దిగబెట్టాల్సింది మా నాయనే. ఆ ఇంటి గుమ్మంలో చెల్లెలికి మాటిచ్చాడు. "యుద్ధం నిలిచిన దినమే వచ్చి పిలుచుకొని పోతా. ఏడవద్దు" అన్నాడు.

ఇక చూసుకోండి, టీకొట్టు రేడియోకి అంటుకుపోయాడు మనిషి. తమిళ వార్తలైనా తెలుగు వార్తలైనా వదల్లేదు. లోకంలో జరిగినదంతా విన్నాడు గానీ ఆయనకి కావలసిన వార్త ఒక్కటే. అది 1970 జనవరిలో వచ్చింది. తాగుతున్న టీ అక్కడే పెట్టేసి బస్సెక్కాడు. చెల్లెల్ని ఇంటికి తెచ్చాడు. మాట నిలబెట్టుకున్నాడు, నేను కాదనను.

కానీ మగ్గాలు ఆడలేదు. అక్కడి ఆడవాళ్లు వేరే గుడ్డకి అలవాటు పడ్డారో, మద్రాసు షావుకార్లు వేరే వ్యాపారం చూసుకున్నారో, మేస్త్రీ మళ్లీ మా వీధి తొక్కలేదు. యుద్ధం ఆగితే నూలొస్తుందని మా నాయనే అనుకున్నాడు పాపం. ఇంటికి తెచ్చిన పిల్లకి పెట్టడానికి ఏముందక్కడ? కొన్నాళ్లకి అత్త తన పావడా, చొక్కా మూటగట్టుకుని "నేను పోతాన్నా" అంది. పోయింది. పెళ్లి కూడా ఆ ప్లీడరుగారింటివాళ్లే చేశారు. ఇప్పటికీ తిరువళ్లూరులోనే ఉంది.

అన్నాచెల్లెళ్లకి గొడవేం లేదు. ఏటా ఆడినెలలో ఆడికృత్తిక తిరనాళ్లకి అత్త తిరుత్తణి కొండకొస్తుంది, దర్శనం చేసుకుని మా ఇంట్లో అన్నం తిని పోతుంది. ఆయన యుద్ధాల గురించి మాట్లాడతాడు, ఆమె మోకాళ్ల నొప్పుల గురించి మాట్లాడుతుంది.

మొన్నటి ఏడు మా నాయన ఎర్రసముద్రంలో ఓడల మీద దాడులు జరుగుతున్నాయనీ, ఓడలన్నీ మళ్లీ ఆఫ్రికా చుట్టూ తిరిగి పోతున్నాయనీ ఫోన్లో చూసి చెబుతుంటే "నీ ఓడలు నీ కాడే పెట్టుకో నాయనా, నాకు తల పగిలిపోతాంది" అని కసిరాను. ఆడినెల రాకముందే మా కంపెనీలో నన్నూ కలిపి సగం మందిని నిలబెట్టి, సరుకు ఆలస్యంగా చేరుతోందనీ, ఆర్డర్లు తగ్గాయనీ, మళ్లీ పిలిచేదాకా రావద్దనీ చెప్పేశారు. ఇంటికొచ్చి చెబితే మా నాయన ఫోను ఆపేసి బోర్లా పెట్టాడు. ఎప్పుడూ వార్తలు వాగే మనిషి అలా చేసేసరికి నాకు భయమేసింది.

నా కూతురు తనుశ్రీ అప్పుడే ప్లస్ టూ ముగించింది, కాలేజీలో సీటు కూడా వచ్చింది. సరిగ్గా అప్పుడే మా వీధికి ఏజెంటొకడు దిగాడు. కోయంబత్తూరు అవతల స్పిన్నింగు మిల్లు, హాస్టలు, మూడు పూటలా తిండి. అమ్మకి మళ్లీ ఆర్డర్లు వచ్చేదాకే కదా అన్నాడు. నేను ఊఁ అనలేదు, ఊహూఁ అనలేదు. పిల్లే అంది, "నేను పోతాలేమ్మా. కాలేజీ వచ్చే ఏడు చూద్దాం" అని. నేను చేటలో బియ్యం ఏరుకుంటూ కూర్చున్నాను. ఇంట్లో ఒక కంచం తగ్గుతుందన్న ఆలోచన నాకూ వచ్చింది. దానంతట అదే పోతానంటోంది, నేను పంపుతున్నట్టు కాదు కదా అని సర్దిచెప్పుకున్నాను. అంత అలసిపోయి ఉన్నాను.

ఆడికృత్తిక రోజు వీధంతా కావళ్లు, అరోహరా కేకలు. అత్త చెప్పులు విప్పుతూ గోడవార ఉన్న బ్యాగు చూసింది.

"ఎవురిది బేబీ?" అని నన్ను అడిగింది.

"తనూది అత్తా. రేపు పొద్దున వ్యాను వస్తాది. ఆర్డర్లు వచ్చేదాకా మిల్లులో ఉంటాదంట."

మా నాయనకి ఏడుపు తన్నుకొచ్చింది. "కాంచనా, నిన్ను అట్లే దిగబెట్టేసి వస్తిని కదమ్మా. ఆ పాపం నాది" అన్నాడు. అన్నేళ్లలో ఆయన ఆ మాట అనడం నేను వినలేదు.

"దానికి నాకు కోపం లేదన్నా" అంది అత్త, మోకాలు పట్టుకుని మెల్లగా కూర్చుంటూ. "అది యుద్ధం. నువ్వేం చేస్తావు? చెప్పినట్టే వస్తివి కదా. రెండో తూరి నేనే మూట గట్టినా. నువ్వు మగ్గం కాడ కూసోనుండావు, అమ్మ పొయ్యి కాడుండాది. ఎవురన్నా వద్దంటారేమోనని మెల్లింగా గట్టినా. ఎవురూ అనలే. వీధి కొస దాకా వెనక్కి తిరిగి తిరిగి చూసుకుంటా పోయినా. అప్పుడు యాడా యుద్ధం లేదే అన్నా!"

మా నాయన తుండుగుడ్డ ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. తనుశ్రీ అత్తకి ఇవ్వాల్సిన నీళ్ల చెంబు పట్టుకుని అక్కడే నిలబడిపోయింది.

"తనూ, నువ్వు పోవద్దు" అన్నాను.

"మరి ఎట్లమ్మా?"

"తెలీదు. నువ్వు మాత్రం పోవద్దు."

పిల్ల చెంబు కింద పెట్టింది. నా పక్కనొచ్చి కూర్చుని, నా చీరకొంగులో ముఖం దూర్చి ఏడ్చింది. "ఈ మాట చెప్పేదానికి ఇన్ని దినాలు పట్టిందామ్మా నీకు?"