పొగను పసిగట్టిన అక్క

మొన్న ఆదివారం పొద్దున్నే ఫోన్ మోగింది. అవతలి మనిషి రెండుసార్లు గొంతు సవరించుకున్నాడు. "మేడం, మా అక్క పోయింది. నిద్రలనే పోయింది, ఏం తిప్పల పడలే. ఏమన్నయితే మీకు చెప్పుమని ఎప్పుడో చెప్పిపెట్టింది" అన్నాడు. ఆయన అక్క నాకూ అక్కే. రక్తసంబంధం ఏమీ లేదు. మాదాపూర్‌లో ఒకే ఇంట్లో, పక్కపక్క వాటాల్లో రెండేళ్ళు బతికాం, అంతే. ఫోన్ పెట్టేసి వంటింట్లోకి వెళ్ళేసరికి పొయ్యి మీద పాలు అడుగంటి మాడిపోయాయి. గిన్నె దింపి, ఆ మాడు వాసన పీలుస్తూ చాలాసేపు అక్కడే నిలబడిపోయాను.

తొంభైల చివరి రోజులవి. మాదాపూర్‌లో బండరాళ్ళు పేల్చి ఆఫీసులు కడుతున్నారు. మా ఆయనకు ఒక కంప్యూటర్ కంపెనీలో ఉద్యోగం వస్తే గుంటూరు వైపు నుంచి వచ్చి అక్కడ కాపురం పెట్టాం. ఇంటి ఓనరు పెద్దాయన మేడ మీద ఉండేవాడు. కింద రెండు వాటాలు. వెనక దొడ్డి ఒకటే. మధ్య గోడకు పైన జాలీ ఉండేది, ఒకరింట్లో పోపు వేస్తే రెండో ఇంట్లో తుమ్మేవాళ్ళం. అక్క భర్త లారీ నడిపేవాడు, ఎప్పుడో గాని ఇంటికి వచ్చేవాడు కాదు. కూతురు సిద్దిపేట దగ్గర అమ్మమ్మ ఇంట్లో ఉండి చదువుకునేది.

మేము దిగిన రోజున "నీళ్ళు ఎప్పుడొస్తాయండీ?" అని అడిగితే నవ్వింది. "అండి గిండి అనకు చెల్లె, పరాయిదాని లెక్క. అక్కా అను చాలు." ఆ సాయంత్రం వాన మొదలైంది. దొడ్డి గుమ్మంలో నా పక్కన నిలబడి, "మట్టి వాసన వస్తున్నదా?" అని అడిగింది.

"వస్తోందక్కా. నీకు రావడం లేదా?"

"నాకు ఏ వాసనా తెల్వది. ఎట్లున్నదో జర చెప్పరాదు."

జీడిమెట్లలో ఒక మందుల ఫ్యాక్టరీలో ఆమె పని చేసేదట. కూతురు కడుపులో ఉండగా, ఒక రోజు పక్కనే డ్రమ్ము పగిలి ఘాటైన ఆవిరి మొహాన కొట్టింది. కళ్ళు బాగయ్యాయి, గొంతు బాగయింది, ముక్కు మాత్రం మళ్ళీ పని చేయలేదు. దవాఖానలో ఇక రాదని చెప్పేశారు. "అదృష్టం, బిడ్డకు ఏం గాలే" అనేది. అంతకు మించి ఆ సంగతి మాట్లాడేది కాదు.

కానీ వాసనల గురించి మాట్లాడించేది. సంత నుంచి కొత్తిమీర తెస్తే ఎలా ఉందో చెప్పాలి. మల్లెపూలు కొంటే నిన్నటి వాటికీ ఇవాళ్టి వాటికీ తేడా చెప్పాలి. నేను మాటలు వెతుక్కుంటుంటే కొంగు నడుముకు చుట్టుకుని పిల్లలు కథ వినేటట్టు వినేది. "నువ్వు మంచిగ చెప్తవు చెల్లె. మా ఆయన్నడిగితే, మల్లెపూలు మల్లెపూల లెక్కనే ఉన్నయ్ అంటడు" అని నవ్వేది.

ఆమె ఇంట్లో, వంటింటి బయట నడవ కప్పుకు, తెల్లటి గుండ్రటి డబ్బా ఒకటి ఉండేది. పొగ తగిలితే అరిచే అలారం. అలాంటివి ఇళ్ళల్లో ఉంటాయని నాకు అప్పటిదాకా తెలియదు. ఆమె తమ్ముడు కొత్త ఆఫీసు భవనాల్లో వైర్లు లాగే పని చేసేవాడు. అక్కడి ఇంజినీరును బతిమాలి, బ్యాటరీతో నడిచేది ఒకటి సంపాదించి తెచ్చాడు. దానికి కారణముంది. అంతకు ముందు ఒకసారి కూతురు సెలవులకు వచ్చి నిద్రపోతుంటే, పొయ్యి పక్కన మసిగుడ్డ అంటుకుని కిటికీ తెర దాకా పాకింది. ముందు గదిలో బియ్యం ఏరుకుంటున్న అక్కకు ఏమీ తెలియలేదు. కళ్ళు మండితే గాని లేవలేదు. "నా బిడ్డ పక్కల పండుకొని ఉండె చెల్లె" అని చెప్పేటప్పుడు ఆమె చెయ్యి నా చెయ్యిని గట్టిగా పట్టుకునేది.

ఆ డబ్బాను ఆమె చూసుకున్నంత శ్రద్ధగా నేను నా నగలను కూడా చూసుకోలేదు. ప్రతి శుక్రవారం ఇల్లు కడిగాక చీపురు కర్ర మొనతో దాని మీట నొక్కేది. అది చెవులు చిల్లులు పడేటట్టు అరిస్తే తృప్తిగా తల ఊపేది. రాళ్ళు పేల్చిన దుమ్ము ఇళ్ళ నిండా పడేది కదా, స్టూలెక్కి మెత్తటి రంగుల కుంచెతో దాని చిల్లులు దులిపేది. బ్యాటరీ నీరసపడి అది కిచుకిచుమంటే ఆ రోజే బస్సెక్కి కోఠీ పోయి కొత్తది తెచ్చేది. టార్చిలైటుకో రేడియోకో అందులోది తీయనిచ్చేది కాదు. సున్నాలు వేసేవాళ్ళు వస్తే దానికి ప్లాస్టిక్ సంచి తొడిగి, వాళ్ళు వెళ్ళిన మరుక్షణం తీసేసేది. గ్యాసు లీకయితే మాత్రం అది పట్టదని తమ్ముడు చెప్పాడట. అందుకని వంట కాగానే రెగ్యులేటరు కట్టేసి, వేళ్ళతో తడిమి చూసుకునేది.

పోపు ఘాటెక్కినా అది మోగేది. ఓనరు పెద్దాయన మెట్ల మీదికి వచ్చి కేకలేసేవాడు.

"ఏందమ్మా ఈ లొల్లి? ఆ బ్యాటరీ పీకి పడెయ్!"

అక్క తువ్వాలుతో పొగ విసురుతూ కిటికీలు తెరిచేది. "దాని నోరు మూస్తే నా ముక్కు మూసినట్టే పెదనాయినా. జరసేపు ఓర్చుకో, అదే ఆగుతది."

మరుసటి ఏడు నాకు పాప పుట్టింది. రోజూ పొద్దున స్నానం చేయించి సాంబ్రాణి పొగ వేసేవాళ్ళం. ఆ పొగ జాలీలోంచి పోయి అక్క ఇంట్లో అలారం మోగించేది. "చిన్నదొరసాని స్నానమయిందన్నట్టు" అంటూ ఆమె కుంచె పట్టుకుని స్టూలెక్కేది. ఆ మోతకు అందరూ అలవాటు పడిపోయారు.

వానాకాలంలో ఒక మధ్యాహ్నం. నాకు జ్వరం. మా ఆయన ఆఫీసులో ఉన్నారు. పాప గుడ్డలు ఎంతకీ ఆరకపోతే, కుంపట్లో నిప్పుల మీద వెదురు బుట్ట బోర్లించి గుడ్డలు పరిచి, మాత్ర వేసుకుని పాప పక్కన నడుం వాల్చాను. కరెంటు లేదు. ఎప్పుడు కళ్ళు మూతపడ్డాయో తెలియదు.

గోడ అవతల అలారం మోగింది. పైన పెద్దాయన సాంబ్రాణి అనుకుని పట్టించుకోలేదట. అక్క మొదట తన పొయ్యి చూసుకుంది, ఆరిపోయి ఉంది. గదులన్నీ తిరిగి చూసింది. పాప స్నానం పొద్దున్నే అయిపోయిందని గుర్తొచ్చింది. ఇదంతా తర్వాత ఆమె చెప్పినదే. నాకు తెలిసిందల్లా, ఎవరో నా భుజం పట్టి గుంజడం, గది నిండా బూడిద రంగు, దగ్గుల మధ్య అక్క గొంతు.

"లే చెల్లె! పోరి నా తాననే ఉన్నది, నువ్వు లే!"

దొడ్డి గుమ్మంలోంచి వచ్చి, పాపను ఒక చంకన వేసుకుని, రెండో చేత్తో నన్ను ఈడ్చుకుంటూ బయటికి తెచ్చింది. పాపను నా ఒళ్ళో పడేసి బకెట్లతో నీళ్ళు మోసింది. బుట్ట, గుడ్డలు, పరుపు అంచు కాలిపోయాయి. వానలో కూర్చుని పాప ఏడుస్తుంటే, ఆ ఏడుపు అంత గట్టిగా ఉన్నందుకు నేను ఏడ్చాను. అక్క మా ముందు గొంతుకూర్చుని ఆయాసపడుతూ, "అది ఊకె మొత్తుకోదు చెల్లె, ఊకె మొత్తుకోదు" అని అదే మాట అంటూ ఉండిపోయింది.

ఆ తర్వాత ఒక శుక్రవారం ఆమెకు ఒంట్లో బాగా లేక పడుకుంటే, పెద్దాయన మెట్లు దిగి వచ్చాడు. "ఏందమ్మా, ఇయ్యాల ఇంక మోగలేదేంది?" అని అడిగి, తనే చీపురు తీసుకుని మీట నొక్కి పోయాడు.

మా ఆయనకు బదిలీ అయి మేము మాదాపూర్ వదిలేశాం. కొన్నేళ్ళకు అక్క పుప్పాలగూడకు మారింది. పండగలకు ఫోన్లు చేసుకునేవాళ్ళం. "మీ దిక్కు ఇప్పుడు ఏం పూలు పూసినయ్? ఎట్లున్నయ్?" అని తప్పకుండా అడిగేది. వస్తాను, వచ్చి ఎదురుగా కూర్చుని చెప్తాను అనేదాన్ని. రెండుసార్లు వెళ్ళాను. ఇంకా ఎన్నోసార్లు వెళ్ళాలనుకున్నాను.

ఇప్పుడు నాకు పదే పదే గుర్తొచ్చేది మేము సామాను ఎక్కించుకుని బయల్దేరిన పొద్దు. ఆటో వాకిట్లో ఆగి ఉంది. అక్క పాపను ఎత్తుకుని, దాని నడినెత్తికి ముక్కు ఆనించి నిలబడింది.

"ఎట్లుంటది చెల్లె, పిల్ల తల వాసన? నా బిడ్డది నాకు తెల్వకనే పాయె."

"పాలు, కొబ్బరినూనె... ఎండలో పెట్టిన నూలుబట్ట వాసన అక్కా. ఇంకా ఏదో ఉంది, దానికి నాకు మాట తెలియదు" అన్నాను.

"తెలిసిందా ఏమన్నా?" అని తర్వాత భయపడుతూ అడిగాను.

"ఊహూఁ." ఆమె కళ్ళు మూసుకునే ఉంది. "గని మస్తు వెచ్చగున్నది."

ఆటో అతను హారన్ మీద చెయ్యి పెట్టబోయి ఆగాడు. పాప ఆమె చెవి కమ్మ పట్టుకుని ఆడుకుంటోంది. మేమందరం అలాగే నిలబడ్డాం. ఆమెను తొందరపెట్టడానికి ఎవరికీ మనసు రాలేదు.