తప్పులు కావలసిన పెద్దమనిషి

మా పైవాటాలో ఉండే తప్పులాయన, గడప దాటి వచ్చిన ఏ మనిషినీ ఒక్క తప్పైనా చేయించకుండా పంపేవారు కాదు.

ముసురు పట్టిన ఒక మధ్యాహ్నం ఆయన బయటి మెట్లు దిగివచ్చి, గొడుగు ముడుస్తూ మా గుమ్మంలో నిలబడడమే మా తొలి పరిచయం.

"టీచరుగారూ, మీచేత ఒక తప్పు చేయించుకుందామని వచ్చాను."

"ముప్పై నాలుగేళ్లు తప్పులు దిద్దానండీ. చేసే అలవాటు లేదు."

"అలవాటు లేనివాళ్లవే కావాలమ్మా. అవి ఎటునుంచి వస్తాయో చెప్పలేం."

పక్షవాతం వచ్చి ఆయన భార్యకు మాట పడిపోయింది. ఎడమచేయి ఒక్కటే, అదీ వణుకుతూ, మిగిలింది. ఆవిడ కోసం ఆయన పాత లినక్సు కంప్యూటరులో ఒక ప్రోగ్రాము రాస్తున్నారు. ఒకటి నొక్కితే "మంచినీళ్లు" అని, రెండు నొక్కితే "నొప్పి" అని, మూడు నొక్కితే "ఎవరైనా రండి" అని అది పైకి చెబుతుంది. ప్రోగ్రాము రాసుకునే విండోలోనే నడిపి చూసినంతసేపు బుద్ధిగా నడిచేది. ఆవిడ మంచం పక్కన, ఆ విండో లేకుండా ఉత్త నల్లతెర మీద నడిపితే మాత్రం, అంకె బదులు అక్షరం తగలగానే నోరు మూసుకునేది. సోమవారం ఆయనకు గుండె ఆపరేషను. ఆయన ఆసుపత్రిలో ఉన్నన్నాళ్లూ వంటగదిలోని ఆయాకు వినబడవలసింది ఆ గొంతే.

ఫ్యాను బాగుచేయడానికి వచ్చిన ఎలక్ట్రీషియన్ కీబోర్డు మీద మోచేయి ఆనించి ఏడు మీటలు ఒకేసారి నొక్కాడు.

"ఆగిపోయింది సార్. నా మీదకేం రాదు కదా?"

"బంగారంలాంటి తప్పయ్యా. ఇంకోటి చెయ్యి."

"మరి ఫ్యాను?"

"అది తిరక్కపోతే ఉక్కపోస్తుంది, అంతేగా. కూర్చో."

నేను కళ్లు మూసుకుని నొక్కినా వేలు సరిగ్గా ఒకటి మీదే పడింది. ఆయన దిగాలుగా తల ఊపారు.

"మీతో కష్టమేనమ్మా."

ఒక్కో తప్పూ చూసి దిద్దుకుంటూ పోగా, ఆదివారానికి ఏది నొక్కినా ప్రోగ్రాము ఆగలేదు. తప్పు నొక్కిన ప్రతిసారీ తెర మీద "పరవాలేదు, మళ్లీ నొక్కు" అని వచ్చేది. నాకది నచ్చలేదు.

"తప్పయితే తప్పని చెప్పాలి కదండీ?"

"డాక్టర్లు, నర్సులు, చుట్టాలు మా ఆవిడకు రోజంతా చెబుతూనే ఉన్నారు. ఇదొక్కటీ చెప్పకపోతే ఏం?"

ఆవిడ చేయబోయే తప్పులన్నిటినీ ఆయన ముందుగానే మా అందరిచేత చేయించేశారని అప్పుడు బోధపడింది.

మర్నాడు ఆసుపత్రి బండి ఎక్కుతూ నన్ను దగ్గరకు పిలిచారు. ఆయన తిరిగి రాలేదు కనుక, నన్ను అడిగిన ఆఖరి సాయం అదే.

"రోజూ కాసేపు మా ఆవిడ పక్కన కూర్చుని, ముందు మీరొక తప్పు నొక్కండి టీచరుగారూ. ఆ తప్పును మరీ శుభ్రంగా నొక్కకండి. కావాలని చేశారని ఇట్టే పట్టేస్తుంది."